అమ్మ దగ్గుకు మాస్కు ఒక్కటే మందు కాదు

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు. మా అమ్మకు 47 ఏళ్లు. కార్పొరేషన్‌లో ఔట్‌సోర్సింగ్ కింద రోడ్లు ఊడ్చే పని చేస్తోంది, పదిహేనేళ్ల నుంచి. సంక్రాంతి ముందు పట్టుకున్న దగ్గు ఎండాకాలం వచ్చినా వదల్లేదు. తెల్లవారుజామున మరీ ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. మా వీధిలో ఆర్‌ఎంపీ సూది వేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. 'దుమ్ములో పని, దగ్గు రాకుండా ఉంటుందా, బెల్లం ముక్క తింటే పోతుందిలే' అంటుంది. మాస్కు ఊపిరాడనీయదని గడ్డం కిందికి లాగేసి కొంగు చుట్టుకుంటుంది. పెద్దాసుపత్రికి పోదామంటే మస్టర్ (ఆ రోజు హాజరు) పోతుందని, జబ్బని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. బీపీ మాత్రలు వాడుతోంది. ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్లు కాచేది కట్టెల పొయ్యి మీదే. పని మానేయమంటే నన్ను తిడుతోంది. నేను డిగ్రీ రెండో సంవత్సరం. అమ్మకు ఏ మాస్కు కొనాలి? పని మాన్పించాలా?
(పేరు రాయని పాఠకురాలు, నెల్లూరు)

జవాబు:

తల్లీ, మాస్కు సంగతి, పని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు అమ్మను ఈ వారంలోనే ఆసుపత్రికి తీసుకెళ్లు. సంక్రాంతి నుంచి దగ్గుతోందంటే, అది దుమ్ము దగ్గేనని ఇంట్లో కూర్చుని తేల్చుకునే రోజులు దాటిపోయాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా టీబీ పరీక్ష చేయించాల్సిందే. దుమ్ములో పనిచేసేవాళ్లకు ఇది ఇంకా అవసరం. ఇసుక దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే టీబీ క్రిమిని ఎదుర్కొనే శక్తి అక్కడ తగ్గిపోతుంది.

ఇది చదివి కంగారు పడొద్దు. టీబీయేనని నేను అనడం లేదు. తెల్లవారుజామున దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, సూది వేస్తే నాలుగు రోజులు తెరిపి... ఇవి చూస్తే ఆస్తమా కావచ్చు, ఏళ్ల దుమ్ముకు వచ్చే బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు) కావచ్చు. బీపీ మాత్రలని రాశావు కాబట్టి ఇంకో అనుమానం కూడా ఉంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి కొన్ని బీపీ మందులు కొందరికి విడవని పొడిదగ్గు తెప్పిస్తాయి. అమ్మ వాడే మాత్రల అట్ట వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించు. మాత్ర మార్చాలా వద్దా ఆయన చెబుతారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు, బీపీ పెరిగితే అది ఇంకో ప్రమాదం.

దర్గామిట్ట పెద్దాసుపత్రిలో ఛాతీ వ్యాధుల ఓపీకి వెళ్లండి. తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ, ఈ మూడూ చేయమని అడుగు. చాలామంది ఎక్స్‌రే బాగుందనగానే ఇంటికొచ్చేస్తారు. ఆస్తమాలో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఊపిరి ఎంత బలంగా బయటికి వస్తోంది, ఎక్కడ అడ్డుపడుతోంది అన్నది ఊదే పరీక్షలోనే తెలుస్తుంది. తెమడ పరీక్షకు ఉమ్ము ఇస్తే పనికిరాదు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా దగ్గి, లోపలి నుంచి వచ్చిన గళ్ల ఇవ్వాలి.

ఓపీలో కూర్చున్నప్పుడు నువ్వే నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుంది: 'పదిహేనేళ్లుగా రోడ్లు ఊడ్చే పని.' ఆ ముక్క చీటీ మీద రాయించు. జనం ఎక్కువున్న ఓపీలో ఏం పని చేస్తారని అడిగే తీరిక డాక్టరుకు ఉండదు. ఆ ఒక్క లైను వల్ల వైద్యం మారుతుంది, రేపు ఏదైనా కాగితం అవసరమైతే ఆధారంగానూ పనికొస్తుంది. చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి దాచు. తెమడలో రక్తపు చార కనబడినా, సాయంత్రం పూట జ్వరం తగులుతున్నా, బరువు తగ్గుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా వారం దాకా ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్లు.

ఆర్‌ఎంపీ సూది ఇక వద్దు. నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలయ్యే సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. అది వాపును అణచి దగ్గును దాచిపెడుతుంది. లోపల టీబీ ఉంటే ముదురుతుంది, షుగర్ పెరుగుతుంది. ఆస్తమా అని తేలితే డాక్టరు పీల్చే మందు ఇస్తారు. 'ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుంది' అని చుట్టుపక్కలవాళ్లు భయపెడతారు, వినొద్దు. దాంట్లో మందు మోతాదు సూదిలోకంటే ఎంతో తక్కువ, నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. బెల్లం సంగతి కూడా చెప్పేస్తాను. తిన్నది అన్నవాహికలో నుంచి కడుపులోకి పోతుంది, పీల్చిన దుమ్ము ఇంకో దారిన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లం ఆ దుమ్మును కడగలేదు. తినాలనుంటే తిననీ, మందనుకుని మాత్రం కాదు.

ఇక దుమ్ము. నువ్వు మాస్కు గురించే అడిగావు, ఇంట్లోవాళ్ల చేతిలో ఉండేది అదే కాబట్టి. నేను మాత్రం రోడ్డు దగ్గర మొదలుపెడతాను.

రోడ్డు మీద లేచే దుమ్ములో కళ్లలో పడేది, పళ్ల కింద కరకరలాడేది పెద్ద రేణువు. అది ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. పని అయ్యాక చీదితే నల్లగా వస్తుందని రోడ్లూడ్చే ఆడవాళ్లంతా చెబుతారు. ఆ నల్లటిది బయటికి రాగానే దుమ్మంతా పోయిందని ధైర్యపడతారు. అసలు బాధ దానితో కాదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. 10 మైక్రాన్లకంటే సన్నటి రేణువులు ముక్కు దాటిపోతాయి. 4 మైక్రాన్లకంటే చిన్నవైతే ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి గదుల దాకా చేరతాయి. అవి కంటికి కనబడవు. 10 మైక్రాన్ల రేణువు మనిషి ఎత్తు నుంచి మూడు నాలుగు నిమిషాల్లో నేలకు దిగుతుంది. 2 మైక్రాన్లదైతే గాలి కదలకపోయినా గంటకు పైగా తేలుతూనే ఉంటుంది.

అమ్మావాళ్లు టీ తాగేది ఎక్కడో ఒకసారి గమనించు. ఊడవడం ఆపగానే దుమ్ము తగ్గినట్టు కనబడుతుంది. మాస్కు దించి, అక్కడే డివైడర్ మీద కూర్చుని టీ తాగుతారు. కనబడని సన్నదుమ్ము ఇంకా అక్కడే ఉంది. పక్కనుంచి ఒక బస్సు పోతే ఊడ్చి పోగేసింది కూడా లేస్తుంది. టీ తాగడానికి ఆ రోడ్డు వదిలి పక్క సందులోకి, గాలి ఎదురొచ్చే వైపుకు నడవమను. చేతులు కడుక్కున్నాకే గ్లాసు పట్టుకోమను. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపటి నుంచే చేయొచ్చు.

రోడ్డు దుమ్ములో మట్టి ఒక్కటే ఉండదు. టైర్లు అరిగిన పొడి, డీజిల్ మసి, ఎండిన ఉమ్ము, పేడ, కట్టడాల సిమెంటు అన్నీ కలిసి ఉంటాయి. వాటిలో మొండిది ఇసుక పిండి. ఇసుకంటే చాలావరకు క్వార్ట్జ్, సైదాపురం వైపు తవ్వే తెల్లరాయి కూడా అదే. పెన్నా ఇసుక వేసుకుని టార్పాలిన్ కప్పకుండా పోయే ట్రాక్టర్ల నుంచి రాలింది డివైడర్ పక్కన చేరుతుంది, టైర్లు దాన్ని రోజంతా నలుగ్గొడతాయి. ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి రాళ్ల లారీలు పోయే చోట ఊడ్చేవాళ్లకు ఆ రాతి పొడి కూడా తోడవుతుంది. క్వార్ట్జ్ పిండిని ఊపిరితిత్తులు బయటికి పంపలేవు, కరిగించలేవు. చుట్టూ మచ్చకట్టి గట్టిపడతాయి. అదే సిలికోసిస్. వచ్చిందంటే వెనక్కి తిప్పే మందు లేదు. క్వారీల్లో, రాయి కోసే చోట పనిచేసేవాళ్లలో అది ఎక్కువ. వీధులూడ్చేవాళ్లలో ఎక్కువగా కనబడేవి బ్రాంకైటిస్, ఆస్తమా, తగ్గిపోయిన ఊపిరి సత్తువ. నాగపూర్‌లో వీధులూడ్చే కార్మికులను పరీక్షించినప్పుడు దీర్ఘకాలిక బ్రాంకైటిస్ వాళ్లలో మిగతావాళ్లకంటే ఎక్కువగా బయటపడింది. కాబట్టి అమ్మకు సిలికోసిసే అనుకోవద్దు, ఇసుక దుమ్ముతో ఏం కాదులే అని కూడా అనుకోవద్దు.

దుమ్ము లేచాక ముక్కు మూసుకోవడం ఆఖరి మాట. లేవకముందే అణచడం మొదటి మాట. నేను ఈ జవాబులో చెప్పదలచుకున్నది ఇదే. మట్టి వాకిలి ఊడ్చేముందు నీళ్లు చిలకరించినట్టే రోడ్డు అంచు కూడా ముందు తడవాలి. ఇది మన నాయనమ్మలందరికీ తెలిసిన పనే, కార్పొరేషన్ రోడ్డుకు వచ్చేసరికి ఎవరూ చేయడం లేదు.

రోడ్డంతా కడగనక్కర్లేదు. ఎండాకాలం తాగునీళ్లకే కటకటలాడుతుంటే రోడ్డుకు నీళ్లెక్కడివని అధికారులు అంటారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. కానీ దుమ్ము ఉండేది రోడ్డు మధ్యలో కాదు, అక్కడిది బండ్ల గాలికే పక్కకు పోతుంది. డివైడర్‌ను ఆనుకుని ఒక అడుగు, కాలువ గట్టు వైపు ఒకటి రెండు అడుగులు, అక్కడే ఉంటుంది. మినీ బైపాస్, ట్రంకు రోడ్డు లాంటి పెద్ద రోడ్ల మీద మస్టర్ అయ్యి పని మొదలుపెట్టకముందే ట్యాంకరు ఆ అంచుల వెంట సన్నటి జల్లు పోసుకుంటూ పోతే చాలు. మట్టి తడిసి ముద్దవాలి, బురద కాకూడదు. బురదైతే ఊడ్చేవాళ్లకు రెండింతల పని. ఎండాకాలం తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి ట్యాంకరు వెనకే ఊడుస్తూ రావాలి. తెల్లవారుజామున ట్యాంకరు వెళ్లిపోయి ఏడింటికి ఊడిస్తే లాభం లేదు.

సందుల్లోకి ట్యాంకరు రాదు. అక్కడికి వీపున తగిలించుకునే 16 లీటర్ల స్ప్రేయర్ సరిపోతుంది. ఒకరు ముందు చల్లుకుంటూ పోతే ఇద్దరు వెనక ఊడవొచ్చు. ఒక్క జాగ్రత్త. దోమల మందు కొట్టిన డబ్బా, పొలంలో పురుగు మందు కొట్టిన డబ్బా దీనికి వాడకూడదు. ఎంత కడిగినా మందు వాసన పోదు, నీటి తుంపరతో పాటు అదీ ముక్కులోకి వస్తుంది. శుద్ధి చేయని మురుగునీళ్లు కూడా చల్లకూడదు. కొత్త డబ్బా కొని, నీళ్లకే అని దాని మీద పెయింటుతో రాయించాలి.

స్ప్రేయర్ వచ్చేదాకా అమ్మ సొంతంగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పొరకకు పొడుగు కర్ర కట్టించు. పొట్టి పొరకతో వంగి ఊడిస్తే ముఖం నేలకు రెండు మూడు అడుగుల ఎత్తులోనే ఉంటుంది, లేచిన దుమ్మంతా ముఖానికే. నిలబడి ఊడిస్తే నడుముకు కూడా సుఖం. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడమను. పడమటి గాలి తిరిగిన రోజుల్లో, అది ఎటు వీస్తోందో చూసుకుని వీధి ఏ కొస నుంచి మొదలుపెట్టాలో ఎంచుకోవాలి. ఆ కాస్త ఆలోచనకు మేస్త్రి అడ్డు చెప్పకూడదు. పొరకను విసిరి కొట్టకుండా నేలకు ఆనించి లాగాలి.

అన్నిటికంటే చెడ్డది ట్రాక్టర్‌లోకి ఎత్తే నిమిషం. ఒకామె రేకుతో తోడి గంపలో వేస్తుంది, ఇంకొకామె గంపను తల పైకెత్తి ట్రక్కులోకి కుమ్మరిస్తుంది. పైన నిలబడి సర్దే మనిషి మోకాళ్ల లోతు దుమ్ములో ఉంటాడు. కుమ్మరించిన గంప నుంచి లేచిన పొగలాంటి దుమ్ము ట్రక్కు గోడకు తగిలి, ఎత్తినామె ముఖం మీదికే తిరిగొస్తుంది. కుప్పను ఎత్తేముందు ఒక చెంబు నీళ్లు చల్లితే ఆ పొగ బాగా తగ్గుతుంది. అమ్మ చెంబు, నీళ్ల డబ్బా బండి మీద ఎప్పుడూ పెట్టుకోవాలి. కుమ్మరించేటప్పుడు ముఖం పక్కకు తిప్పి ఊపిరి బిగపట్టి, గంప ట్రక్కు అంచుకు ఆనించి వంచాలి, విసరకూడదు.

మురుగుకాలువ సిల్టు గురించి కూడా చెప్పాలి. కాలువలోంచి తీసిన పూడిక నీరు కారిపోవాలని గట్టున రెండు మూడు రోజులు వదిలేస్తారు. అది ఎండి పొడై, బండ్ల కింద నలిగి లేస్తుంది. ఎండిన మురుగులో చచ్చిన సూక్ష్మజీవుల పొడి కూడా ఉంటుంది, అది పీల్చినవాళ్లకు జ్వరం, ఛాతీ బిగపట్టడం వస్తాయి. తడిగా ఉన్నప్పుడే, అదే రోజు ఎత్తించడం ఆరోగ్య విభాగం బాధ్యత. 2021 నవంబరులో పెన్నా పొంగి లోతట్టు కాలనీలన్నీ ఒండ్రుతో నిండిపోయినప్పుడు, ఆ ఒండ్రు ఎండేకొద్దీ దుమ్ము ఎలా ఉందో నెల్లూరులో చూడనివాళ్లు లేరు. దాన్ని ఎత్తింది కూడా అమ్మలాంటివాళ్లే.

బ్లీచింగ్, సున్నం చేత్తో చల్లే పని అమ్మకు పడితే మాస్కుతో పాటు కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. బ్లీచింగ్ పొడి ఘాటు ఆస్తమా ఉన్నవాళ్లకు ఒక్కసారిగా ఊపిరి బిగిసేలా చేస్తుంది. పరీక్షల్లో ఆస్తమా అని తేలితే ఆ పని ఇంకొకరికి ఇవ్వమని అడగాలి. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. కూల్చిన ఇళ్ల పాత సిమెంటు రేకులను పగలగొట్టకుండా, తడిపి, ముక్కలుగా ఉన్నవి ఉన్నట్టే ఎత్తాలి. వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉంటుంది. ఇక ఊడ్చిన ఆకులకు నిప్పుపెట్టే అలవాటు. బండి ఎక్కించే పని తప్పుతుందని కొందరు అక్కడే అంటించేస్తారు. పక్కన నిలబడి ఆ పొగ పీల్చేది వాళ్లే. చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, భారీగా తగలబెడితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

ఇప్పుడు మాస్కు. అమ్మ సాకులు చెప్పడం లేదమ్మా. ఆయాసం ఉన్న మనిషికి నెల్లూరు ఎండలో, వంగి లేచే పనిలో మాస్కు నిజంగానే ఊపిరి బిగపట్టిస్తుంది. అందుకే ముందు వైద్యం అన్నాను. ఊపిరి కాస్త తేలికపడ్డాక, మాస్కు పెట్టుకోవచ్చా అని డాక్టరునే అడుగు. ఆయన సరేనంటే ఎన్95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ కొను. దాని మీద భారత ప్రమాణం ఐఎస్ 9473 అని ముద్ర ఉందో లేదో చూడు. చెవులకు తగిలించేదానికంటే తల వెనక రెండు పట్టీలు ఉన్నది ముఖానికి బాగా అతుక్కుంటుంది. ముందు చిన్న కవాటం ఉన్నది తీసుకుంటే ఊపిరి వదలడం తేలిక, లోపల చెమట తక్కువ. పెట్టుకున్నాక ముక్కు మీద తీగను రెండు వేళ్లతో నొక్కి, అరచేతులు అంచుల చుట్టూ ఆనించి ఊపిరి పీల్చి వదలమను. పక్కల నుంచి గాలి తగిలితే సరిగా కూర్చోలేదన్నట్టు.

కొంగు, తడి తువ్వాలు, నీలం రంగు సర్జికల్ మాస్కు పెద్ద రేణువును కొంతవరకు ఆపుతాయి, సన్నదాన్ని ఆపలేవు. అయినా రోజంతా ఎన్95 పెట్టుకోమని అమ్మను సతాయించొద్దు. అలా అంటే అసలే పెట్టుకోదు. డివైడర్ అంచు ఊడ్చేటప్పుడు, ట్రాక్టర్‌లోకి ఎత్తేటప్పుడు, ఎండిన సిల్టు తీసేటప్పుడు, బ్లీచింగ్ చల్లేటప్పుడు తీయొద్దని మాత్రం ఒప్పించు. మిగతా వేళల్లో దుమ్ము లేని చోటికి వెళ్లి తీసి గాలి పీల్చుకోనివ్వు. చెమటకు తడిసినా, పట్టీ సాగినా, పీల్చడం బరువైనా మార్చేయాలి. ఉతకకూడదు. గడ్డం కింద వేలాడే మాస్కు లోపలివైపు దుమ్ము పడుతుంది, మళ్లీ పైకి లాగితే ఆ దుమ్మే ముక్కులోకి వస్తుంది. తీసినప్పుడు కాగితం కవర్లో పెట్టుకోమను.

ఇంటి సంగతి రెండు మాటల్లో. పనిబట్టలు వాకిట్లో దులపొద్దు, తడిపి విడిగా ఉతకండి. తలకు గుడ్డ కట్టుకుని వెళ్లి, రాగానే స్నానం చేయమను. నీళ్లు కాచే కట్టెల పొయ్యి మాత్రం ఇక వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ముందు కూర్చుని ఊదే ఊదుడు, ఆ తర్వాత రోడ్డు దుమ్ము, ఒకే ఊపిరితిత్తికి రెండు దెబ్బలు. గ్యాస్ ఖర్చని అమ్మ అంటుంది. వేసవిలో చన్నీళ్లు చాలు, చలికాలానికి గ్యాస్ మీదో హీటరుతోనో చూసుకోండి. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతుంటే బయటికి పంపు.

పని మాన్పించాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఆ జీతం మీద మీ ఇల్లు నడుస్తోంది, నీ చదువు నడుస్తోంది. మానేయమని నువ్వు అన్న ప్రతిసారీ 'నీ జీతం లేకపోయినా ఇల్లు గడుస్తుంది' అన్నట్టు అమ్మకు వినబడి ఉంటుంది, తిట్టిందంటే అందుకే. పరీక్షల్లో ఊపిరి సత్తువ బాగా పడిపోయిందని తేలితే, దుమ్ము తక్కువుండే పనికి మార్చమని డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించు. పార్కు పని, ఆఫీసు శుభ్రం చేసే పని లాంటివి కార్పొరేషన్‌లోనూ ఉంటాయి. మందు వాడుతూ అదే డివైడర్ పక్కన మళ్లీ ఎండు దుమ్ము పీల్చడం మాత్రం కుదరదు.

మస్టర్ పోతుందన్న భయానికి జవాబు జీతం చీటీలో వెతుకు. అమ్మ ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ) కింద ఉంటే పీఎఫ్‌తో పాటు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడు. జీతంలో 0.75 శాతం అమ్మది కోస్తారు, 3.25 శాతం యాజమాన్యం కడుతుంది. కోత ఉంటే ఈఎస్ఐ డిస్పెన్సరీలో వైద్యం, మందులు ఉచితం. ఈఎస్ఐ డాక్టరు సెలవు రాస్తే ఆ రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. టీబీలాంటి దీర్ఘకాల జబ్బయితే, సర్వీసు అర్హతలు ఉన్నవాళ్లకు, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగిస్తారు. ఒకవేళ టీబీయే అయినా మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. పోషకాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. మందు సరిగా వేసుకుంటే కొద్ది వారాల్లోనే ఇంకొకరికి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. దుమ్ము పేరుకుని వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, సిలికోసిస్‌తో సహా, పనివల్ల వచ్చే జబ్బుగా చట్టం జాబితాలోనే ఉంది. జబ్బును దాచుకోవడం వల్ల ఉద్యోగం నిలవదు. కాగితం లేని జబ్బుకు ఏ హక్కూ రాదు, దాచి దాచి ఒకరోజు రోడ్డు మీద కూలబడితే అప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

మాస్కుకు డబ్బు నువ్వు పెట్టాలా అన్నది నాకు బాధ కలిగించే ప్రశ్న. ఈ నెల కొను, తప్పదు. కానీ అది మీ ఖర్చు కాదు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే, చెత్త పని చేసే ప్రతి ఒక్కరికీ యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, చెప్పులు, మాస్కు అందేలా చూడాల్సింది మున్సిపాలిటీయేనని రాశారు. మన రాష్ట్రంలో పారిశుధ్య కార్మికులకు ఆరోగ్య భత్యం కింద నెలకు 6,000 రూపాయలు ఇచ్చింది కూడా ఈ పనిలో ఆరోగ్యానికి హాని ఉందని ఒప్పుకునే. భత్యం ఇచ్చారు కాబట్టి మాస్కు, సబ్బులు, నూనె ఇవ్వనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2023 డిసెంబరు చివర నుంచి 2024 జనవరి దాకా రాష్ట్రమంతా కార్మికులు సమ్మె చేసింది ఇలాంటి వాటి కోసమే.

నీళ్ల ట్యాంకరుకు డబ్బుల్లేవన్నా ఒప్పుకోవద్దు. కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో నెల్లూరు ఉంది, ఒంగోలూ ఉంది. గాలిలో ధూళి పరిమితి దాటుతున్నందుకే ఈ ఊళ్లు ఆ జాబితాలోకి ఎక్కాయి. రోడ్డు దుమ్ము తగ్గించడానికి, యంత్రాలతో ఊడ్చడానికి, నీళ్లు చల్లడానికి ఆ కార్యక్రమంలో చోటుంది. ఊరి గాలి కోసం పెట్టే ఖర్చులో మొదటి వాటా ఆ దుమ్ములో నిలబడేవాళ్లకు రావడం న్యాయం.

అమ్మ ఒక్కతే వెళ్లి అడిగితే మేస్త్రి కంట్లో పడుతుంది. అలా పంపొద్దు. ఆ మస్టర్‌లో పనిచేసేవాళ్లంతా, యూనియన్ ఉంటే యూనియన్ ద్వారా, ఒకే అర్జీ మీద సంతకాలు చేయాలి. వేలిముద్రలైనా సరే. నువ్వు డిగ్రీ చదువుతున్నావు, కాగితం నువ్వే రాసిపెట్టు. కోపం లేకుండా, పని పేరు, చోటు పేరు పెట్టి రాయి: 'ఫలానా రోడ్డులో పని మొదలుపెట్టే ముందు డివైడర్ అంచుల వెంట ట్యాంకరుతో నీళ్లు చల్లించాలి. సందులకు నీళ్లకే వాడే రెండు స్ప్రేయర్లు ఇవ్వాలి. కాలువ సిల్టు తీసిన రోజే ఎత్తించాలి. ఎన్95 మాస్కులు, పొడుగు కర్ర పొరకలు ఇవ్వాలి. కార్మికులందరికీ ఏటా ఎక్స్‌రే, ఊదే పరీక్ష చేయించాలి.' ఒక కాపీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి, ఒకటి కార్పొరేషన్ హెల్త్ ఆఫీసరుకు ఇవ్వండి. పది పదిహేను రోజులు చూసి కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు తీసుకెళ్లండి. అక్కడ రసీదు ఇస్తారు, దాని నంబరు అర్జీ కాపీ మీద రాసుకోండి. ట్యాంకరు వచ్చినా నాలుగు రోజులకే ఆగిపోవచ్చు. అప్పుడు కొత్త అర్జీ రాయకుండా అదే నంబరు చూపించి మళ్లీ అడగండి.